షమాల్ రోడ్డు మీద ఎర్ర కారు

నీలం పొగ మళ్ళీ వచ్చింది. ఈసారి ముంగిట్లో ఆరేసిన యజమాని జాబర్ పొడుగాటి తెల్ల తోబుల మీదికే పోయింది.

డ్రైవరు నాగూరు తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. కారు నోరు మూసింది గానీ పొగ మాత్రం గోడల మధ్య తిరుగుతూనే ఉంది. వంటింటి గుమ్మంలో అతని భార్య రమీజా చేతిలో తట్ట పట్టుకుని నిలబడిపోయింది.

జాబర్ మెట్లు దిగి రాలేదు. కోపం వస్తే అతను పైనుంచే మాట్లాడతాడు. సగం హిందీ, సగం అరబ్బీ. ఇంట్లో పనివాళ్ళందరికీ అర్థం కావాలని అతని ఉద్దేశం.

"ఇంజను మొత్తం విప్పించాను. పిస్టన్లు లండన్ నుంచి తెప్పించాను. నెల తిరక్కుండా మళ్ళీ పొగ పెట్టావు. శుక్రవారం దాకా చూస్తాను నాగూర్. పొగ ఆగకపోతే నీకు ఊరికి టికెట్. ఖలాస్."

"అర్బాబ్," అని యజమానిని పిలిచాడు నాగూరు. "మరి రమీజా?"

"ఆమెకేం? ఆమె పని బాగుంది. కాంట్రాక్టు ఇంకా ఏడాది ఉంది. ఆమె ఇక్కడే ఉంటుంది."

కూర పొయ్యి మీద ఉంటుందా దించేస్తారా అన్నట్టు చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

వరండాలో కుర్చీలో బాబా కూర్చుని ఉన్నాడు. జాబర్ తండ్రి. ఈ ఎర్ర కారు ఆయన పడుచుతనంలో ఓడ మీద తెప్పించుకున్నది. రెండే సీట్లు, పైన కప్పు లేదు. పోయినేడు పక్షవాతం వచ్చి ఎడమ కాలు చచ్చుబడ్డాక క్లచ్చి తొక్కలేక, దాన్ని నాగూరు చేతికిచ్చాడు. ఇప్పుడు ఆయన కొడుకునీ చూడలేదు, నాగూరునీ చూడలేదు. కారునే చూస్తూ కూర్చున్నాడు. ఒక్క మాటైనా అంటాడేమోనని నాగూరు చాలాసేపు నిలబడ్డాడు.

*

నీళ్ళ ట్యాంకు పక్కన వాళ్ళ గది. మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. పెళ్ళయి తొమ్మిదేళ్ళు, కుదురుగా కాపురం చేసింది మాత్రం ఈ గదిలో ఈ ఏడాదే. రాయచోటిలో ఆమె, దోహాలో అతను, మధ్యలో క్యాసెట్లలో మాట్లాడి పంపుకున్న మాటలు. బాబా కాళ్ళావేళ్ళా పడి, ఇదే ఇంట్లో పనికి రమీజాకు వీసా తీయించుకున్నాడు నాగూరు.

రమీజా అన్నం గిన్నె అతని ముందు పెట్టింది.

"తింటావా, తినవా?"

"ఆకలి లేదు మే."

"ఎట్లుంటాది ఆకలి? పొద్దన్నే గంటసేపు ఇంజను తిప్పిపెట్టి, పక్కన నిలబడి గుడ్డతో తుడుస్తా ఉంటివే. కడుపు అప్పుడే నిండింటాది!"

"ఎనిమిదేండ్లుగా చేస్తాండా ఆ పని. వాళ్ళు వచ్చేతలికి బండి తయారుగా ఉండాల. ఈడ ఏ ఇంటి డ్రైవరునైనా అడుగు."

అది నిజమే. వాళ్ళుండే అల్ సద్ వీధుల్లో ఏ గేటు ముందు చూసినా మనిషి లేని కారు మోగుతూనే ఉంటుంది. దొరసాని వచ్చి కూర్చునేసరికి సీటు చల్లగా ఉండాలని డ్రైవరు ముందే స్టార్టు చేసి ఏసీ వేసి ఉంచుతాడు. ఎర్ర కారుకు ఏసీ లేదు, కప్పే లేదు. అయినా నాగూరు చెయ్యి ఊరుకోలేదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగానీ పోదంటారు. గల్ఫులో వచ్చిన బుద్ధి కూడా అంతే.

"ఆ మేస్త్రి చెప్పలా? ఊరికే నిలబెట్టి తిప్పొద్దన్నాడు కదా. నా ముందరే చెప్పె."

"చెప్పినాడు. కొత్త ఇంజను కదా, పసిబిడ్డ మాదిరి చూసుకుందామనుకుంటి. రోడ్డెక్కినా నలభై దాటనియ్యలా. అదే తప్పయితే నేనేం చేసేది?"

"ఏం చేసేదా? నన్నడుగుతాండావా?" రమీజా గొంతు పైకి లేచింది. గోడ అవతల వినపడుతుందని గుర్తొచ్చి మళ్ళీ తగ్గించింది. "నువ్వు పోతే ఈ గది కొత్త డ్రైవరుకిస్తారు. నన్ను పైన సామాన్ల గదిలో పండుకోమంటారు. వచ్చేటప్పుడు ఏమంటివి? ఇద్దరం ఒక చోటే ఉంటాం, రా మే అంటివి. వచ్చినా కదా. నన్ను ఈడ ఎవరి మధ్య ఇడిసిపెట్టి పోతావు?"

అన్నం మీద ఈగ వాలితే నాగూరు దాన్ని తోలనైనా లేదు.

రమీజా ఏడుస్తుందేమో అనుకున్నాడు. ఏడవలేదు. దానికే అతనికి ఇంకా భయమేసింది.

"లెయ్," అందామె చివరికి. "ఆ మేస్త్రి నిత్యానందం కాడికి పో. కాళ్ళు పట్టుకో, ఏమన్నా చెయ్. ఈడ కూచుంటే పొగ పోదు."

*

నిత్యానందానిది నరసాపురం. సనయ్యా పారిశ్రామికవాడలోని ఒక గ్యారేజీలో ఫోర్‌మన్. ఎర్ర కారు ఇంజను విప్పి, సిలిండర్లు బోరు చేయించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేసి బిగించింది ఆయనే. నాగూరు చెప్పిందంతా విని ఒక ప్లగ్గు ఊడదీసి, వెలుగులోకి పట్టి చూపించాడు. అది నూనెలో ముంచి తీసినట్టుంది.

"చూశావా? ఏవయ్యా, నిలబెట్టి తిప్పొద్దని చెప్పానా లేదా?"

"చెప్పినావన్నా."

"మరి? రింగులు బోరు గోడకి ఒరుసుకుని కుదురుకోవాలయ్యా. బరువు పడితేనే కుదురుతాయవి. నువ్వేమో ఊరికే తిప్పావు, రోడ్డెక్కితే చీమ నడక నడిపించావు. గోడలు నున్నబడిపోయాయి. ఇంక నూనె పైకి తన్నక ఏం చేస్తుంది?"

"ఇప్పుడు దారేందన్నా?"

"మళ్ళీ విప్పాలి. విప్పనిస్తాడా మీ జాబరు?"

"ఇయ్యడు. శుక్రవారం నన్ను పంపించేస్తానన్నాడు. రమీజా ఈడే ఉంటాది. నాకేమైనా కానీ అన్నా. ఆ పిల్లనొక్కదాన్నే ఈడ పెట్టి నేను విమానం ఎక్కలేను."

నిత్యానందం ప్లగ్గు మళ్ళీ బిగించి చేతులు తుడుచుకున్నాడు.

"ఒక దారుంది. పనిచేస్తుందని నేను మాటివ్వను. ఉత్తరానికి పోయే షమాల్ రోడ్డెక్కు. అక్కడ ఎదురొచ్చేవాడుండడు. మూడో గేరులో వేసి పూర్తిగా తొక్కు. అది గర్జిస్తుంది, గర్జించనీ. బాగా ఊపందుకున్నాక కాలు తీసెయ్యి. బ్రేకు ముట్టుకోకు, దానంతటదే తగ్గాలి. మళ్ళీ తొక్కు. అలా పోతూనే ఉండు. రింగులు పట్టుకుంటే పట్టుకున్నట్టు, లేదంటే లేదు. ఏదీ, ఇప్పుడు ఈ వీధిలో తొక్కి చూపించు."

నాగూరు తొక్కాడు. కారు దగ్గింది. నిత్యానందం తల కొట్టుకున్నాడు.

"అది గుడ్డు కాదయ్యా, యాక్సిలరేటరు! ఎప్పుడైనా బండి నడిపి సంతోషపడ్డావా నువ్వు?"

నాగూరుకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. సంతోషమా? గీత పడితే జీతం కోత. వెనక సీట్లో పిల్లవాడు తూలితే తిట్లు. బండి నడపడమంటే పరాయివాళ్ళ గాజు సామాను నెత్తిన పెట్టుకుని నడవడమే అతనికి. కారు వాళ్ళది, కాలు నాది, తప్పు ఎప్పుడూ కాలిదే అనుకుంటూ ఎనిమిదేళ్ళు గడిపాడు.

"నడిపేవాడికి సరదా లేకపోతే ఈ రకం బండి బతకదయ్యా," అన్నాడు నిత్యానందం. "ఇది ఆఫీసు డ్యూటీ చేసే బండి కాదు."

*

మర్నాడు జాబర్ ఆఫీసుకు వెళ్ళాక నాగూరు బాబా ముందు చేతులు కట్టుకుని నిలబడి సంగతి చెప్పాడు. బాబా అంతా విన్నాడు. జబ్బు చేశాక ఆయన మాట నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా వస్తుంది.

"పొగ వస్తోందో లేదో వెనక్కి తిరిగి ఎవరు చూస్తారు? నా మెడ తిరగదు."

"అద్దంలో చూస్తా బాబా."

"ఆ అద్దంలో నీ ముఖం తప్ప ఏమీ కనిపించదు. రమీజాని తీసుకెళ్ళు. అడిగితే నేనే పంపానని చెబుతాను. యల్లా, పదండి."

రమీజా మొదట ఒప్పుకోలేదు. యజమాని కారు ముందు సీట్లో పనిమనిషి కూర్చుంటే ఊరంతా చూస్తుందంది. చివరికి నల్లటి అబాయా తొడుక్కుని, చున్నీ గట్టిగా బిగించుకుని ఎక్కింది. అల్ సద్ దాటేదాకా తల దించుకునే కూర్చుంది.

ఊరు వెనకబడింది. ఇళ్ళు పోయాయి, గోడలు పోయాయి. రెండు పక్కలా రాళ్ళూ ఇసుకా, ముందు తిన్నగా రోడ్డు.

"వెనక్కి తిరుగు మే. పొగ చూడు."

ఆమె సీటులో మోకాళ్ళ మీద కూర్చుని వెనక్కి తిరిగింది. నాగూరు మూడో గేరు వేసి తొక్కాడు. సగం దాకా పోయి కాలు ఆగింది.

"పొగ!" అరిచింది రమీజా. "అంతా పొగే!"

మళ్ళీ తొక్కాడు. మళ్ళీ కాలు తనంతట తానే వెనక్కి వచ్చింది. అరచేతులు చెమటతో జారుతున్నాయి.

"నా వల్ల కాదు మే. ఇంజను పగిలిపోతే?"

"పగలనీ! పగలకపోయినా నిన్ను పంపించేస్తారు కదా. ఇంక దేనికి భయం? తొక్కయ్యా!"

ఆ మాట అతనికి తగిలింది. నిజమే, ఇంక పోయేదేముంది? కళ్ళు మూసుకోవడం కుదరదు కాబట్టి పళ్ళు బిగించి, నేలకు తగిలేదాకా నొక్కాడు.

కారు ఒక్కసారి ఊపిరి పీల్చుకుని ముందుకు దూకింది. సీటు వీపును వెనకనుంచి తోసింది. గొంతు మారింది. దగ్గు పోయి, లోతుగా, నిండుగా ఒక మోత లేచింది. గాలి నోట్లోకి కొట్టింది. అతను కాలు తీసేశాడు. కారు గుర్రుమంటూ తనంతట తానే నెమ్మదించింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ వదిలాడు.

"ఇంకా వస్తాంది!"

మళ్ళీ.

"సన్నగా వస్తాంది!"

అలా ఎంత దూరం పోయారో ఇద్దరికీ తెలియలేదు. నాగూరు కాలికి ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంజను ఎక్కడ గొంతు విప్పుతుందో, ఎక్కడ వదిలితే హాయిగా దిగుతుందో పాదానికే తెలుస్తోంది. గేరు మార్చడం కూడా తెలిసింది. తోయక్కర్లేదు, రెండు వేళ్ళతో తాకితే చాలు, దానంతటదే పోయి కూర్చుంటోంది.

"రాలేదయ్యో!" రమీజా అతని భుజం పట్టుకుని ఊపింది. "పొగ రాలేదు! రోడ్డంతా కనపడ్తాంది!"

నాగూరు నవ్వాడు. చిన్నగా మొదలై పెద్దదైపోయింది ఆ నవ్వు. రమీజా వెనక చూడడం మానేసి మొగుణ్ణే చూస్తూ కూర్చుంది. ఈ మనిషి ఇంత పెద్దగా నవ్వగలడని ఆమెకు తొమ్మిదేళ్ళలో తెలియదు.

"ఇంకోసారి పోనియ్యి," అంది.

"పొగ ఆగింది కదా మే."

"పొగ కోసం కాదు. ఊరికే పోనియ్యి."

ఊరికే పోనిచ్చాడు. చున్నీ జారి ఆమె జుట్టు గాలికి లేచింది. ఆమె సర్దుకోలేదు. రోడ్డు చివర మదీనత్ అల్ షమాల్ ఊరి దగ్గర పెట్రోలు బంకు వచ్చేదాకా వాళ్ళిద్దరూ ఎవరి పనివాళ్ళూ కారు.

బంకులో ఒక పెద్దమనిషి ఉన్నాడు. తలకు గళ్ళ గుత్రా చుట్టుకున్న నడివయసు ఖతార్ మనిషి. తన బండి వదిలేసి ఎర్ర కారు చుట్టూ తిరిగాడు. బానెట్టు ఎత్తమన్నాడు. ఇంజను మోత చెవి పెట్టి విన్నాడు.

"దూరం నుంచి వస్తుంటే చూశాను. ఎవరిదిది? ఇంత బాగా నడపడం ఎక్కడ నేర్చుకున్నావు?"

యజమాని సంగతులు బయట చెప్పకూడదన్నది ఇంటి డ్రైవర్లు మొదట నేర్చుకునే పాఠం. కానీ నాగూరు ఆరోజు ఆనందంలో ఉన్నాడు. ఆనందంలో నోటికి తాళం ఎక్కడుంటుంది? బాబా పేరు చెప్పాడు, ఇల్లు అల్ సద్‌లో ఎక్కడో చెప్పాడు, రింగులు ఎలా కుదిర్చాడో అది కూడా చెప్పాడు. ఆ పెద్దమనిషి శ్రద్ధగా విన్నాడు.

*

గురువారం సాయంత్రం రమీజా వెనక వాకిట్లోకి పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతిలో గహ్వా కాఫీ పోసే కుండ అలాగే ఉంది.

"నిన్న బంకులో కనపడినాయన మజ్లిస్‌లో, అతిథుల గదిలో కూచోనుండాడు."

నాగూరు చేతిలో గుడ్డ ఆగింది. "ఎందుకంట?"

"కారు అడుగుతాండాడు. కారుతో పాటు నిన్ను కూడా. ఈ ఇంజను సంగతి తెలిసిన డ్రైవరు లేకపోతే నాకు కారే వద్దంటాండాడు. జాబరు సరేనన్నాడు. నిన్ను ఆయన కాడికి మార్చే రిలీజ్ కాగితం రాసిస్తాడంట. నువ్వు ఆయన ఊరు షమాల్‌లో మగోళ్ళ గదిలో ఉండాలంట. నెలకొక శుక్రవారం సెలవంట."

"పొగ ఆగింది కదా మే. పొగ ఆగితే నేనీడనే..."

"యాడుంటావు? కొత్త డ్రైవరుకు ఎప్పుడో వీసా తీసినారంట. రేపు దిగుతాడు. పొగ ఆగినా ఆగకపోయినా నిన్ను పంపేదేనంట. నవ్వుతా చెప్పినాడయ్యా జాబరు ఆయనకి. నేను తలుపు కాడనే ఉండాను."

నాగూరు కారుకు ఆనుకున్నాడు. బానెట్టు ఇంకా వెచ్చగా ఉంది.

"ఎవరడిగినారు నిన్ను ఇంటి గుర్తులు చెప్పమని?" అంది రమీజా. "ఒక్కరోజు సంతోషంగా ఉంటిమి. ఆ ఒక్కరోజు నోరు మూసుకోని ఉండలేకపోతివా?"

నిన్న అంత హాయిగా నడిపినందుకు నాగూరుకు తనమీద తనకే అసహ్యమేసింది.

ముందు నుంచి జాబర్ కేక వేశాడు. "నాగూర్! కారు బయటికి తియ్యి. అతిథికి నడిపి చూపించు. యల్లా!"

కారు గేటు ముందుకు వచ్చింది. షమాల్ పెద్దమనిషి తలుపు మీద చెయ్యి వేసేలోగా కర్ర చప్పుడు వినిపించింది. బాబా మెట్లు దిగి వస్తున్నాడు. ఎవరి సాయమూ తీసుకోలేదు. చచ్చుబడ్డ కాలును చేత్తో ఎత్తి లోపల పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాడు.

"బాబా, అతిథి కూర్చోవాలి," అన్నాడు జాబర్.

"అతిథి తర్వాత జీవితాంతం కూర్చుంటాడు. పద, నాగూర్."

*

పెద్ద రోడ్డెక్కగానే బాబా అన్నాడు:

"నిన్న ఆమెతో ఎలా నడిపావో అలా నడుపు."

నాగూరు మూడో గేరులో వేసి తొక్కాడు. మనసు ఏడుస్తూనే ఉంది, కాలు మాత్రం తన పని తాను చేసింది. ఇంజను గొంతు విప్పింది. వద్దనుకున్నా ఒంట్లోకి ఆ హాయి మళ్ళీ వచ్చింది. దాన్ని ఆపుకోవడం అతనికి చేతకాలేదు. పక్కన బాబా నోటి ఒక కొస నవ్వుతోంది. రెండో కొస ఇక నవ్వలేదు. ఆయన వేళ్ళు తలుపు అంచు మీద తాళం వేస్తున్నాయి. జబ్బు చేశాక ఆ ముసలాయనను ఇంత సంతోషంగా నాగూరు చూడలేదు.

"ఇల్లు జాబర్ పేరు మీద ఉంది," అన్నాడు బాబా. "మీ వీసాలు జాబర్ పేరు మీద ఉన్నాయి. నేను చెబితే వినేవాడు ఆ ఇంట్లో లేడు. నా పేరు మీద మిగిలింది ఈ కారొక్కటే. నా సంతకం లేకుండా ఇది పోదు."

నాగూరు కాలు కొంచెం వదిలాడు.

"నేను ఇవ్వనంటే రేపు నువ్వు విమానం ఎక్కుతావు. ఇస్తే నువ్వు ఈ దేశంలోనే ఉంటావు, నెలకోసారైనా నీ భార్యను చూస్తావు. నేను ఆ కుర్చీలో కూర్చుంటాను. చెప్పు, ఏం చెయ్యమంటావు?"

ఈ దేశం వచ్చాక నీకేం కావాలని నాగూరును అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు అడిగినవాడు, అడిగింది ఇచ్చి తను ఖాళీ చేతులతో మిగిలేవాడు. మీకు ఇష్టమైనట్టు చెయ్యండి బాబా అనేస్తే మర్యాదగా ఉంటుంది. కానీ సామాన్ల గదిలో ఒంటరిగా పడుకునే రమీజా కళ్ళ ముందు మెదిలింది.

"ఇచ్చెయ్యండి బాబా," అన్నాడు.

తలుపు మీద వేళ్ళు ఆగాయి. నాగూరు పక్కకు తిరిగి చూడలేకపోయాడు.

"సరే," అన్నాడు బాబా. "అయితే ఇంటికి తిప్పకు. నా ముంగిట్లోంచి దీన్ని ఇంకొకడు తోలుకుపోతుంటే చూసే శక్తి నాకు లేదు. షమాల్ పద. అతని ఇంటి ముందు నేనే దిగి తాళం ఇచ్చి సంతకం పెట్టేస్తాను. జాబర్, ఆ అతిథి వెతుక్కుంటూ అక్కడికే వస్తారు."

"ఇప్పుడేనా బాబా? రమీజాకు చెప్పలేదు. గేటు దగ్గరే నిలబడి ఉంటుంది."

బాబా కళ్ళు మూసుకున్నాడు. మూసిన కళ్ళ కింద నుంచి నీళ్ళు కారి గాలికి చెవివైపు పోతున్నాయి.

రౌండెబౌట్ వచ్చింది. వెనక్కి తిరిగితే అల్ సద్. మొగుణ్ణి పంపుతున్నారో ఉంచుతున్నారో తెలియక గహ్వా కుండతో అక్కడే నిలబడి ఉంటుంది రమీజా. కారు తిరిగొచ్చిన చప్పుడు వినపడేదాకా ఆమె లోపలికి పోదు. తిన్నగా పోతే షమాల్ రోడ్డు.

నాగూరు తిన్నగా పోనిచ్చాడు.